అమ్మాయి ‘ఎమో’ అంది, నానమ్మకు ‘ఏమో’ అని వినిపించింది

ప్రశ్న: మాది గుంటూరు. పద్నాలుగేళ్లుగా ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉంటున్నాం. మా పెద్దమ్మాయికి పదిహేనేళ్లు. ఏడాదిగా నల్లబట్టలు తప్ప వేయడం లేదు. జుట్టు ఒక కంటి మీదికి పడేలా కత్తిరించుకుంది, కళ్ల చుట్టూ దట్టంగా కాటుక పూస్తుంది. ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్లమంతా కలిసినప్పుడు మిగతా ఆడపిల్లలు పట్టులంగాల్లో వస్తే, ఇది ఏదో బ్యాండు బొమ్మ ఉన్న నల్ల టీషర్టుతో వచ్చింది. “మీ అమ్మాయికి ఏమైంది?” అని అందరూ అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు “ఏమిటే ఈ వేషం?” అని అడిగితే “ఎమో, నానమ్మా” అంది. పెద్దవాళ్లు అడిగితే “ఏమో” అంటుందా అని ఆవిడ రెండు రోజులు దానితో మాట్లాడలేదు. ఈ గోత్‌లూ ఎమోలూ చేతులు కోసుకుంటారని మావారు ఇంటర్నెట్‌లో ఎక్కడో చదివి, దాని బూట్లూ బెల్టులూ విరాళంగా వచ్చిన పాత వస్తువులు అమ్మే చారిటీ షాపుకు ఇచ్చేశారు. “నేను గోత్‌ని కాదు, ఆ తేడా కూడా మీకు తెలియదు” అని ఏడ్చి గదిలోకి వెళ్లింది. అప్పటి నుంచి మాటలు లేవు. ఏం చేయాలో తోచడం లేదు.
– ఒక తల్లి, లీడ్స్

జవాబు: మీ అత్తగారి సంగతితోనే మొదలుపెడతాను. ఆవిడ ఒక ప్రశ్న అడిగారు, మనవరాలు దానికి ఒక్క మాటలో ఉన్నదున్నట్టు జవాబు చెప్పింది: ‘ఎమో’, అంటే ఒక రకం సంగీతాన్ని ఇష్టపడేవారి వేషం. ఆ మాట తెలుగు చెవిన పడేసరికి నిర్లక్ష్యంగా మారిపోయింది. జవాబు చెప్పిన పిల్లకు జవాబు చెప్పలేదన్న నింద వచ్చింది. ఆ తరువాత బూట్లు పోయినప్పుడు కూడా మీ అమ్మాయి “నా బూట్లు ఎందుకు ఇచ్చేశారు” అని కాక, “ఆ తేడా కూడా మీకు తెలియదు” అని ఏడ్చిందంటే, దానికి దేని మీద బెంగగా ఉందో ఆలోచించండి. కాబట్టి ముందు ఆ తేడా ఏమిటో నాకు తెలిసినంత చెబుతాను.

గోత్ అనే సంగీత, వేషధారణ ధోరణి మీరున్న దేశంలోనే, 1970ల చివర పంక్ అనే తిరుగుబాటు రాక్ సంగీతం చల్లబడుతున్న రోజుల్లో పుట్టింది. నార్తాంప్టన్‌కు చెందిన బౌహౌస్ బృందం 1979లో, సినిమాల్లో డ్రాకులా వేషం కట్టిన నటుడి మరణం మీద తొమ్మిది నిమిషాలకు పైగా సాగే పాటను తెచ్చింది. గోత్ సంగీతానికి అదే తొలి పాట అని చాలామంది లెక్కిస్తారు. 1982లో లండన్‌లోని సోహో ప్రాంతంలో బ్యాట్‌కేవ్ అనే క్లబ్బు తెరుచుకున్న తరువాత ఆ సంగీతానికి తగిన వేషం కూడా స్థిరపడింది. ఈ ధోరణికి పెద్దదిక్కుగా చెప్పుకునే సిస్టర్స్ ఆఫ్ మెర్సీ బృందం 1980లో మీ లీడ్స్‌లోనే మొదలైంది. తెల్లగా పూసుకున్న ముఖం, నల్లని లేసు, మఖమలు, వెండి నగలు, పాత సమాధుల మీద మక్కువ, ఇవన్నీ విక్టోరియా కాలపు సంతాప దుస్తుల నుంచీ భయానక సాహిత్యం నుంచీ తెచ్చుకున్నవి. భర్త 1861లో పోయాక విక్టోరియా రాణి తాను పోయేదాకా, నలభై ఏళ్లు నలుపే కట్టింది. గోత్‌లు మృత్యువును ఒక కళావస్తువుగా, కొంత నాటకీయంగా, చాలాసార్లు హాస్యంగా కూడా చూస్తారు. ఆ తొలి తరం వాళ్లకు ఇప్పుడు అరవై ఏళ్లు. మనవలున్న గోత్‌లు కూడా మీ చుట్టుపక్కల ఉండే ఉంటారు.

ఎమో పుట్టింది అమెరికాలో. 1985 ప్రాంతంలో వాషింగ్టన్ నగరపు హార్డ్‌కోర్ పంక్ (పంక్‌లోనే మరింత వేగంగా, బిగ్గరగా వాయించే రకం) బృందాల్లో కొన్ని, ముఖ్యంగా రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ లాంటివి, వ్యవస్థ మీద కేకలు పక్కనబెట్టి తమ దిగులునూ ప్రేమనూ అపరాధభావాన్నీ గొంతు చించుకుని పాడసాగాయి. భావోద్వేగానికి ఇంగ్లీషులో ఉన్న మాటను సగానికి విరిచి ఆ సంగీతానికి పేరు పెట్టారు. 2000 తరువాత మై కెమికల్ రొమాన్స్ లాంటి బృందాలతో అది బడిపిల్లల దాకా వచ్చింది. ఒక కన్ను కప్పే జుట్టు, బిగుతు జీన్స్, బ్యాండు టీషర్టు, మేకుల బెల్టు అప్పటివే. గోత్ ముసుగు వేసుకుని ఒక పాత్రను ధరిస్తే, ఎమో ఉన్న ముసుగును తీసి “నాకు బాధగా ఉంది” అని పేరు పెట్టి చెబుతుంది. బయటి నుంచి చూసేవారికి రెండూ నలుపే గనుక ఒకే గాటన కట్టేస్తారు. లోపలివారికి అది కర్ణాటక సంగీతాన్నీ కవ్వాలీనీ ఒకటే అన్నట్టు ఉంటుంది. (ఇందులో ఇంకో తమాషా ఉంది. ఎమో అని ముద్రపడిన బృందాల్లో చాలావరకు ఆ పేరును ఒప్పుకోలేదు. మై కెమికల్ రొమాన్స్ గాయకుడైతే దాన్ని బాహాటంగానే తిట్టాడు.)

నలుపు అనగానే మన ఇళ్లలో అశుభం అంటాం. అయినా పసిబిడ్డ బుగ్గన దిష్టిచుక్క నల్లగానే పెడతాం. కార్తికం వచ్చిందంటే నల్లబట్టలు కట్టి, గడ్డం పెంచి, చెప్పులు లేకుండా నలభై ఒక్క రోజులు తిరిగే అయ్యప్ప స్వాములను చూసి “పాపం, ఏ దిగులో” అని ఎవరూ అనరు. ఆ నలుపుకు అర్థం మనకు తెలుసు కాబట్టి భయం లేదు. మీ అమ్మాయి నలుపుకు అర్థం చెప్పేవారు లేక మీరు భయపడ్డారు. దీక్షా ఫ్యాషనూ ఒకటేనని నేను అనడం లేదు.

ఇక మీవారి భయం. దాన్ని నేను కొట్టిపారేయను. బ్రిస్టల్ ప్రాంతపు పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనిస్తున్న ఒక పెద్ద పరిశీలనలోని సమాచారంతో 2015లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. పదిహేనేళ్ల వయసులో తమను బలంగా గోత్‌లుగా చెప్పుకున్నవారిలో, పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి కుంగుబాటు మూడు రెట్లు, తమను తాము గాయపరచుకోవడం ఐదు రెట్లు ఎక్కువగా కనిపించాయి. అయితే గోత్ కావడం వల్లనే ఇలా జరిగిందని చెప్పలేమని ఆ పరిశోధకులే స్పష్టంగా రాశారు. అప్పటికే ఒంటరితనంలో ఉన్న పిల్లలు తమను ఎగతాళి చేయని గుంపును వెతుక్కుంటూ అటు వెళ్లే అవకాశం ఎక్కువ. పైగా అలా చెప్పుకున్నవారిలో కూడా ఎక్కువమందికి కుంగుబాటు లేదు. అంటే వేషం జబ్బు కాదు, కాని ఆ వేషం వేసుకున్న పిల్లను ఒకసారి దగ్గర కూర్చోబెట్టుకుని అడగడానికి అది తగిన కారణమే. (అది గోత్‌ల మీద చేసిన అధ్యయనం, తనకు వర్తించదని మీ అమ్మాయి వాదిస్తే మాత్రం, వాదించనివ్వండి. ఆ వంకన మాటలు మొదలవుతాయి.)

అడగడం అన్నాను కదా. మీ ఉత్తరాన్ని మరోసారి చదివి చూశాను. ఉగాదినాడు ఎవరేమన్నారో ఉంది, అత్తగారు ఎన్ని రోజులు మాట్లాడలేదో ఉంది. అమ్మాయి సరిగ్గా తింటున్నదా, ఎన్ని గంటలకు నిద్రపోతున్నది, ఇదివరకటి స్నేహితులు ఇంటికి వస్తున్నారా, చదువు ఎలా సాగుతున్నది, వీటి గురించి ఒక్క వాక్యమూ లేదు. తప్పుపట్టడానికి అనడం లేదు, నలుగురిలో తల దించుకోవలసి వచ్చిన తల్లి మనసు అలాగే పనిచేస్తుంది. కాని మీరు చూడవలసినవి ఇవే. ఎండాకాలంలో కూడా పొడుగు చేతులు విప్పకపోవడం, ఇష్టంగా చేసే పనులు మానేయడం, తనకు ప్రాణమైన వస్తువులను పంచిపెట్టేయడం, తాను లేకపోతేనే నయమన్నట్టు మాట్లాడడం కనిపిస్తే, అప్పుడు ఆమె ఏ రంగు బట్టలు వేసుకున్నా ఆగకూడదు. “నిన్ను నువ్వు గాయపరచుకోవాలని గాని, చనిపోవాలని గాని ఎప్పుడైనా అనిపించిందా?” అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, చాలామంది పిల్లలకు అడిగినందుకు బరువు దిగుతుంది. అవునంటే కేకలు వేయకుండా విని, మీ జీపీ (మీ ప్రాంతపు కుటుంబ డాక్టరు) దగ్గరకు తీసుకువెళ్లండి. ప్రాణానికి ప్రమాదమనిపిస్తే అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకుండా అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయండి. మీతో చెప్పలేనిది మరొకరితో చెప్పుకోవడానికి ఆ దేశంలో పిల్లల కోసం చైల్డ్‌లైన్ 0800 1111 ఉచితంగా పనిచేస్తుంది. ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఊరుకోండి, ఉపన్యాసం వద్దు.

మీరు అడగని విషయం ఒకటి నేనే చెప్పాలి. 2007 ఆగస్టులో, లాంకషైర్‌లోని బేకప్ అనే ఊరి పార్కులో, సోఫీ లాంకాస్టర్ అనే ఇరవై ఏళ్ల అమ్మాయిని కేవలం గోత్ వేషంలో ఉందన్న కారణంతో కొందరు కుర్రాళ్లు తీవ్రంగా కొట్టారు. ఆమె కోలుకోకుండానే ఆ నెలలోనే చనిపోయింది. ఆ తరువాతి ఏడాది మార్చిలో మెక్సికోలోని కెరెతరో నగరంలో ఎమో పిల్లల మీద గుంపులు పడ్డాయి. 2013 నుంచి గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు ఇలాంటి దాడులను విద్వేష నేరాలుగా నమోదు చేయడం మొదలుపెట్టారు. మీ అమ్మాయి చర్మం రంగు చూసి మాటలనేవారు ఎలాగూ ఉంటారు, ఇప్పుడు బట్టలు చూసి అనేవారు కూడా తోడై ఉండవచ్చు. బస్‌స్టాపులోనో బడిలోనో ఎవరైనా ఏమైనా అంటున్నారా అని మీరు అడిగారా? అంటున్నట్టయితే, బయట పడిన మాటలకు ఇంట్లో కూడా వంతపాడినట్టు లెక్క.

బూట్ల విషయంలో మీవారు తొందరపడ్డారు. ఆయన భయంతోనే చేశారు గనుక, ఆ భయాన్నే ఆమెతో చెప్పమనండి: “నువ్వు చేయి కోసుకుంటావేమోనని భయపడి ఆ పని చేశాను, అడగకుండా ఇచ్చేయడం తప్పు.” ఆ తరువాత ఆ షాపుకు మీవారే అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి, ఉంటే వాటినే తిరిగి కొనాలి, లేకపోతే ఆమెకు నచ్చినవి కొనాలి. పండుగ బట్టల దగ్గర మాత్రం మీరు కొంత పట్టుబట్టవచ్చు, అందులో తప్పు లేదు. పట్టులంగానే కావాలనకుండా, నల్ల పట్టుకు ఎర్రంచు లంగాఓణీ చూపించి అడిగి చూడండి. కళ్లకు కాటుక ఎలాగూ ఉంది.

అత్తగారికి మీరు సర్దిచెప్పబోకండి. ఆవిడ గుంటూరు వెళ్లేలోపు ఒక సాయంత్రం నానమ్మనూ మనవరాలినీ కూర్చోబెట్టి, తాను అన్నది “ఏమో” కాదని, “ఎమో” అని, అంటే ఏమిటో ఒక పాట వినిపించి పిల్లనే చెప్పమనండి. పాట నచ్చకపోతే నచ్చలేదని ఆవిడ అంటారు, ఫరవాలేదు. ఆ రెండు రోజుల కోపానికి కారణం ఒక దీర్ఘమేనని తెలిస్తే ఇద్దరూ నవ్వుకుంటారనే అనుకుంటున్నాను.