ఇంటర్‌లో చేరితే గజ్జెలు విప్పేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయి. ఇంటర్ ఎంపీసీ, ఆ తర్వాత బీటెక్‌లో ఏఐ బ్రాంచి అనుకుంటున్నాం. రెండేళ్లు డాన్స్ ఆపమని చెప్పి గజ్జెలు అటకెక్కించాం. అప్పటినుంచి సరిగా తినడం లేదు, డాన్స్‌లోనే డిగ్రీ చేస్తానంటోంది. ఏది మేలో పోల్చి చెప్పండి.
- ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, ఏటా జూన్‌లో ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. ఒకరు వీణ అంటారు, ఇంకొకరు డ్రాయింగ్ అంటారు, అంతే తేడా. మీ అమ్మాయి అడుగుతున్నది డిగ్రీ కాదని నాకనిపిస్తోంది. మీరు అదో ఇదో తేల్చుకోమన్నారు కాబట్టి తనూ ఏదో ఒకటి పట్టుకుంది. గజ్జెలు అటకెక్కించకపోయి ఉంటే ఆ మాటే వచ్చేది కాదేమో.

ఏఐ బ్రాంచి మీద నాకు అనుమానాలున్నాయి. చాలా కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించి కంప్యూటర్ బ్రాంచిల్లో పెంచుకున్నాయి. సీట్లు పెరిగినంత వేగంగా ఆ పాఠం చెప్పగలిగినవాళ్లు పెరగలేదు. మొదటి రెండేళ్లలో పిల్లలు చదివేది ఎక్కువగా లెక్కలు, ప్రోగ్రామింగే, బ్రాంచి పేరు ఏదైనా సరే. అంటే మీరు డబ్బు కట్టేది చాలావరకు ఆ పేరుకే. ఆరేళ్ల తర్వాత ఏ ఉద్యోగం ఉంటుందో నేను చెప్పలేను, కాలేజీ పీఆర్వో అసలే చెప్పలేడు. అలాంటి దానికోసం, ఎనిమిదేళ్లుగా చేతిలో ఉన్నదాన్ని ఎందుకు లాక్కుంటున్నారు?

ఆ ఎనిమిదేళ్లలో తను ఏం నేర్చుకుందో ఎప్పుడైనా దగ్గర కూర్చుని చూశారా? ఒకే అడుగు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో వేయాలి. తప్పితే మళ్లీ మొదటినుంచి. కూచిపూడిలో తరంగం అనే అంశంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి తాళానికి అడుగేయడం ఒక్కరోజులో రాదు. అక్కడ తప్పు చేసినందుకు ర్యాంకు పడిపోదు, గురువుగారు సరిదిద్దుతారు, అంతే. వారం వారం ర్యాంకులు గోడకంటించే కాలేజీలో పిల్ల నిలబడాలంటే, తప్పంటే భయంలేని చోటు వారానికి ఒక్కసారైనా దొరకాలి. ఉన్నదాన్ని మూసేసి, తర్వాత టెన్షన్ పడుతోందని నా దగ్గరికి తీసుకొస్తే ఏం లాభం?

శ్రీపాద పినాకపాణి గారు వైద్యుడు, కర్నూలు మెడికల్ కాలేజీలో పనిచేశారు. కర్ణాటక సంగీత గాయకుడు నేదునూరి కృష్ణమూర్తి గారు ఆయన దగ్గరే పాట నేర్చుకున్నారు. 1984లో పినాకపాణి గారికి పద్మభూషణ్ వచ్చింది సంగీతానికే. మీ అమ్మాయికి అంత పేరు వస్తుందని అనడం లేదు. రాకపోయినా ఫరవాలేదు. నలభై ఏళ్ల వయసులో ఆఫీసు నుంచి వచ్చి ఒక గంట తనకోసం అడుగు వేసుకోగలిగితే అదే చాలు.

పోల్చమన్నారు కదా, ఒక్క ముక్క చెబుతాను. నాట్యం ఒక్కటే బతుకుతెరువైతే మొదట్లో సంపాదన తక్కువ, ప్రదర్శనల ఖర్చు చాలాసార్లు ఇంట్లోవాళ్లే భరించాలి. కానీ ఆ నిర్ణయం ఇప్పుడే అక్కర్లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నాట్యంలో పీజీ ఉంది, డిగ్రీ అయ్యాక కూడా ఆలోచించుకోవచ్చు.

మీరిప్పుడు చేయాల్సింది చిన్న పనే. హాస్టల్ వద్దు, డే స్కాలర్‌గా చేర్పించండి. ఆదివారం పరీక్షలు ఏ వేళకు అయిపోతాయో కాలేజీలో అడిగి, గురువుగారి దగ్గరికి మీరే వెళ్లి, వారానికి రెండు గంటలు ఆ వేళకు కుదురుతుందేమో మాట్లాడండి. వెళ్లేముందు గజ్జెలు అటక మీంచి దించండి.