ఊరికి హాకీ టీమ్ వచ్చింది: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల మా బ్లూమింగ్టన్ ఐస్ హాకీ టీమ్ బైసన్ గురించి నాలుగు ముక్కలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఎప్పుడూ క్రికెట్ ప్రశ్నలతో నిండే ఈ శీర్షిక ఈసారి పూర్తిగా మంచు మీద ఆటకే ఇచ్చేస్తున్నాను. కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: ఇక్కడి ఐస్ హాకీలో అన్నిటికన్నా పై లీగ్ ఎన్‌హెచ్‌ఎల్, దాని కింద ఏహెచ్‌ఎల్, ఆ కింద మన టీమ్ ఆడే ఈసీహెచ్‌ఎల్. నేను 2009లో ఉద్యోగానికని ఇల్లినాయిలోని ఈ ఊరికి వచ్చాను. మొదటి చలికాలం. సాయంత్రం ఐదు కాకుండానే చీకటి, వెళ్లడానికి చోటు లేదు. ఆఫీసులో ఒకాయన ఒక శుక్రవారం పట్టుబట్టి అరీనాకి తీసుకెళ్లాడు. అప్పటినుంచి వెళ్తూనే ఉన్నాను.

"ఈసీహెచ్‌ఎల్ అంటే ఎన్‌హెచ్‌ఎల్‌కి సెకండ్ డివిజన్ లాంటిదా? బాగా ఆడితే మన టీమ్ పైకి వెళ్తుందా? ఏటా కొత్త టీమ్‌లు ఎందుకు కలుపుతున్నారు?"
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నార్మల్, ఇల్లినాయి

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో గెలిచిన జట్టు పై డివిజన్‌కి వెళ్తుంది. ఇక్కడ జట్టు ఎక్కడిదక్కడే ఉంటుంది, పైకి వెళ్లేది ఆటగాడు. మన బైసన్‌లో బాగా ఆడిన కుర్రాణ్ని ఏహెచ్‌ఎల్‌కి పిలుస్తారు, అక్కడా మెప్పిస్తే ఎన్‌హెచ్‌ఎల్‌కి. బైసన్ ఎన్‌హెచ్‌ఎల్ జట్టు న్యూయార్క్ రేంజర్స్ గొడుగు కింద మొదలైంది కాబట్టి మధ్య మెట్టు హార్ట్‌ఫర్డ్ వుల్ఫ్‌ప్యాక్. జట్టుకి జట్టే పైకి వెళ్లిన సందర్భం లేకపోలేదు. కొలరాడో ఈగిల్స్ 2017, 2018 రెండేళ్లూ ఈసీహెచ్‌ఎల్ ట్రోఫీ అయిన కెల్లీ కప్ గెలిచి, ఆ వెంటనే ఏహెచ్‌ఎల్‌లో చేరింది. అయితే అది కప్పులు గెలిచినందుకు ఇచ్చిన ప్రమోషన్ కాదు. డెన్వర్‌లోని ఎన్‌హెచ్‌ఎల్ జట్టు అవలాంచ్‌కి దగ్గర్లో ఒక ఏహెచ్‌ఎల్ టీమ్ ఉంటే బాగుంటుంది, ఈగిల్స్ ఉన్నది ఆ పక్కనే.

కొత్త టీమ్‌ల సంగతి అర్థం కావాలంటే 32 అనే అంకె గుర్తుపెట్టుకోండి. 2017లో వెగాస్, 2021లో సియాటిల్ రావడంతో ఎన్‌హెచ్‌ఎల్ 32 జట్లయింది. మరుసటి ఏడాదే సియాటిల్ కోసం కాలిఫోర్నియా ఎడారిలో కోచెల్లా వ్యాలీ ఫైర్‌బర్డ్స్ మొదలైంది, ఏహెచ్‌ఎల్ కూడా 32కి చేరింది. ఇక మిగిలింది కింది మెట్టు. 1988లో ఐదే జట్లతో మొదలైన ఈసీహెచ్‌ఎల్‌లోకి 2024–25లో మన బ్లూమింగ్టన్, నెవాడా నుంచి టాహో నైట్ మాన్‌స్టర్స్ వచ్చాయి. 2025–26లో గ్రీన్స్‌బరో గార్గాయిల్స్‌తో లెక్క 30 అయింది. పైనున్న ప్రతి క్లబ్‌కీ కింద సొంత జట్టు ఒకటి ఉండేలా 32 దాకా వెళ్లాలన్నదే లీగ్ ఉద్దేశం. న్యూ మెక్సికోలోని రియో రాంచోకి 2026–27 నుంచి అవకాశం ఇస్తున్నట్టు ప్రకటించారు కూడా.

ఒక్కటి మాత్రం కలగాపులగం చేసుకోకండి. యూటా గ్రిజ్లీస్ న్యూజెర్సీలోని ట్రెంటన్‌కి మారుతుందని వార్త వచ్చినప్పుడు చాలామంది దాన్నీ కొత్త టీమ్ అనుకున్నారు. ట్రెంటన్ వాళ్లకి కొత్తే. కానీ యూటాలో ఏళ్ల తరబడి అవే సీట్లలో కూర్చున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల గురించి ఆలోచిస్తే నాకు ఆ వార్త సంతోషంగా అనిపించలేదు. ఎందుకో కింది జవాబులో తెలుస్తుంది.

"మా గ్రీన్స్‌బరోలో ఇదివరకు వచ్చిన హాకీ జట్లేవీ నిలవలేదట. గార్గాయిల్స్‌కి సీజన్ టికెట్ తీసుకోమంటారా? మధ్యలో మూసేస్తే?"
— ఇద్దరు పిల్లల తండ్రి, నార్త్ కరోలినా

మీ భయం అర్థం లేనిది కాదు. మీ ఊళ్లో 1989లో మోనార్క్స్ వచ్చింది. అది 1995లో ఏహెచ్‌ఎల్ స్థాయికి వెళ్లింది, మరో రెండేళ్లకి ఆగిపోయింది. ఆ తర్వాత ఏకంగా ఎన్‌హెచ్‌ఎల్ హరికేన్స్ 1997 నుంచి 1999 వరకు మీ కొలీజియంలోనే ఆడింది. మీ రాష్ట్ర రాజధాని రాలీలో కొత్త బిల్డింగ్ పూర్తయ్యేదాకా తాత్కాలికంగా అన్నమాట. రెండేళ్లలో వెళ్లిపోయే జట్టు మీద ఎవరు మనసు పెట్టుకుంటారు? అంత పెద్ద హాల్లో జనం పలచగానే ఉండేవారు. తర్వాత వచ్చిన జనరల్స్ 1999 నుంచి 2004 వరకే. కాబట్టి మీరు విన్నది నిజమే.

ఇప్పుడు మా ఊరి కథ వినండి. 2006లో అరీనా కట్టారు. అప్పుడు ప్రెయిరీథండర్ అనే జట్టు. నేను మొదట చూసింది దాన్నే. అది 2011లో పోయింది. బ్లేజ్ వచ్చింది, రెండేళ్లు. తర్వాత థండర్ పేరుతో ఇంకో లీగ్ జట్టు, ఒకే ఒక్క సీజన్. అదే పేరుతో జూనియర్ కుర్రాళ్ల జట్టు 2014లో మొదలై, తర్వాత ఫ్లయింగ్ ఏసెస్‌గా పేరు మార్చుకుని 2019లో ఆగిపోయింది. నా బీరువాలో ఒకే ఊరి పేరున్న జెర్సీలు నాలుగు రంగుల్లో ఉన్నాయి.

జూనియర్ లీగ్ కుర్రాళ్లు పదహారు నుంచి ఇరవై ఏళ్ల వాళ్లు. సొంత ఊళ్లు వదిలి వస్తారు, స్థానిక కుటుంబాల ఇళ్లలో ఉంటారు. మేమూ ఒక సీజన్ ఒక అబ్బాయిని పెట్టుకున్నాం. ప్రాక్టీస్ నుంచి రాగానే గ్యారేజీలో గ్లవ్స్, ప్యాడ్స్, బూట్లు అన్నీ నేలమీద పరిచి ఫ్యాన్ పెట్టేవాడు. ఆ చెమట వాసనకి మా ఆవిడ మొదటి వారం ముక్కు మూసుకునేది. నెల తిరిగేసరికి తనే ఆ గ్లవ్స్ తిరగేసి ఆరబెట్టడం మొదలుపెట్టింది. మ్యాచ్ ఉన్న రోజు మధ్యాహ్నం అతనికి పప్పన్నం, నెయ్యి, వేపిన చికెన్ పడాల్సిందే. సీజన్ అయిపోయి అతను వెళ్లిన రోజు గ్యారేజీ నేలమీద గ్లవ్స్ ఆకారంలో రెండు తడి మరకలు మిగిలాయి. అవి ఆరేదాకా మా ఆవిడ కారు లోపల పెట్టనివ్వలేదు.

2019 తర్వాత ఐదేళ్లు మాకు జట్టే లేదు. 2024 అక్టోబరులో బైసన్ మొదటి హోమ్ మ్యాచ్‌కి మళ్లీ అరీనా మెట్లెక్కుతుంటే నా కాళ్లు వణికాయి. నమ్మండి.

ఇక డబ్బు సంగతి. మైనర్ లీగ్‌కి పెద్ద టీవీ డబ్బు ఉండదు. టికెట్లు, ఊరి వ్యాపారుల ప్రకటనలు, తిండి, జెర్సీలు, ఇంతే. సీజన్‌లో 72 మ్యాచ్‌లుంటే సొంత ఊళ్లో ఆడేవి 36. అంటే ఏడాది ఖర్చంతా 36 సాయంత్రాల్లో రాబట్టుకోవాలి. శుక్ర, శని వారాలు ఎలాగూ నిండుతాయి. జట్టు ప్రాణం బుధవారం రాత్రి ఖాళీ సీట్లలో ఉంటుంది. అరీనా లీజు కూడా చూడాలి. పార్కింగ్ డబ్బు, తినుబండారాల డబ్బు జట్టుకి వస్తోందా, బిల్డింగ్ వాళ్లకి పోతోందా అన్నది టికెట్ అమ్మకాలంత పెద్ద విషయం. మరో సంగతి, పొరుగు జట్లు ఎంత దూరంలో ఉన్నాయన్నది. ఈ లీగ్‌లో ప్రయాణాలు ఎక్కువగా బస్సులోనే. శుక్ర, శని, ఆది వరసగా మూడు రోజులు మూడు మ్యాచ్‌లు ఆడే వారాలుంటాయి. వాళ్లు దాన్నే 'త్రీ ఇన్ త్రీ' అంటారు. మా జట్టుకి ఇండియానాపొలిస్ వైపు, ఫోర్ట్ వేన్, అయోవా అన్నీ కొన్ని గంటల బస్సు దూరమే. పక్క ఊరివాళ్లతో పోటీ ఉంటే జనం కూడా వస్తారు.

మధ్యలో మూసేయడం జరగదని చెప్పను. 2008 డిసెంబరులో జార్జియాలోని అగస్టా లింక్స్ సీజన్ మధ్యలోనే చేతులెత్తేసింది. అదే నెలలో ఫ్రెజ్నో ఫాల్కన్స్ కూడా. కానీ అలాంటివి అరుదు. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్ జనాభా 27 వేలు. 1992 నుంచి అక్కడ ఈసీహెచ్‌ఎల్ జట్టు ఉంది, ఇప్పటికీ ఆడుతోంది.

నా మాట అడిగారు కాబట్టి చెప్తున్నా: టికెట్ తీసుకోండి. మొత్తం సీజన్‌కి కుటుంబం అందరికీ కొనక్కర్లేదు, పిల్లల క్లాసులతో 36 సాయంత్రాలు ఎవరికీ కుదరవు. పది, పన్నెండు మ్యాచ్‌ల ప్యాక్ ఉంటే అది చాలు. అందులో సగం వారం మధ్య మ్యాచ్‌లు పెట్టుకోండి. మీ గార్గాయిల్స్‌కి హరికేన్స్ అండ ఉంది, అది రాలీలోనే ఉంది. పైకి పిలుపు అందుకున్న మీ ఊరి కుర్రాణ్ని కారేసుకుని వెళ్లి చూడగలిగే అదృష్టం అందరికీ ఉండదు.

"మా తొమ్మిదేళ్ల బాబు ఒక ప్లేయర్ పేరున్న జెర్సీ పట్టుబట్టి కొనిపించుకున్నాడు. రెండు వారాలకే ఆ అబ్బాయి టీమ్‌లో లేడు. వీడు ఒకటే ఏడుపు. ఇలా ఎందుకు చేస్తారు?"
— ఒక తల్లి, టొలీడో, ఒహాయో

అమ్మా, బాబుకి ముందు ఈ మాట చెప్పండి. అతన్ని ఎవరూ తీసేయలేదు. మీ టొలీడో వాలై జట్టులో బాగా ఆడాడు కాబట్టి ఏహెచ్‌ఎల్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్ గ్రిఫిన్స్ వాళ్లు పిలిచారు. దానిపైన డెట్రాయిట్ రెడ్ వింగ్స్. పైన ఎవరికైనా దెబ్బ తగిలితే కింద ఫోన్ మోగుతుంది. పొద్దున ఫోనొస్తే సాయంత్రానికి ఇంకో ఊళ్లో ఆడాల్సి ఉంటుంది. కొందరు వారంలోనే తిరిగొస్తారు కూడా. కాబట్టి జెర్సీ దాచమనండి.

జోర్డాన్ బిన్నింగ్టన్ సంగతి బాబుకి చెప్పండి. మీ పక్క రాష్ట్రంలోని కలమజూ వింగ్స్‌కి ఈసీహెచ్‌ఎల్‌లో గోలీగా, అంటే గోల్‌కీపర్‌గా ఆడాడు. కొన్నేళ్లు పైకీ కిందకీ తిరిగి, 2019లో సెయింట్ లూయిస్‌కి ఎన్‌హెచ్‌ఎల్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ గెలిపించాడు. జోనథన్ క్విక్ రెడింగ్ రాయల్స్‌లో ఆడి, 2012లో లాస్ ఏంజెలెస్‌తో కప్పూ, ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డూ అందుకున్నాడు. ఈసీహెచ్‌ఎల్‌లో ఆడి ఎన్‌హెచ్‌ఎల్‌ మంచు మీద కాలు పెట్టినవాళ్లు 700 మందికి పైనే. మా అమ్మాయి చిన్నప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టుకుంది. పైకి పిలుపు వచ్చిన ప్రతివాడి పేరు, తేదీ రాసేది. మీ బాబుకీ ఒకటి కొనిపెట్టండి. మొదటి పేరు ఎలాగూ సిద్ధంగా ఉంది.

ఈ లీగ్‌లో కుర్రాళ్లే ఎక్కువ కనిపించడానికి ఒక నిబంధన కూడా కారణం. 260 ప్రొఫెషనల్ మ్యాచ్‌లు దాటిన సీనియర్లను ఒక మ్యాచ్‌లో నలుగురికి మించి దింపకూడదు. గోలీలకి ఈ లెక్క లేదు.

"ఓడిన జట్టుకీ ఒక పాయింట్ ఎందుకిస్తారు?"
— ఒక విద్యార్థి, ఇండియానా

మూడు పీరియడ్లూ, అంటే అరవై నిమిషాలూ సమానంగా నిలిచినందుకు. గెలుపుకి రెండు. ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో ఓడితే ఒకటి. అరవై నిమిషాల్లోనే ఓడితే సున్నా. ఏప్రిల్‌లో చూడండి, డివిజన్‌లో నాలుగో స్థానం కోసం రెండు జట్లు కొట్టుకుంటున్నప్పుడు నవంబరులో వదిలేసిన ఆ ఒక్క పాయింటే టెన్షన్ పెడుతుంది. ఒక్కో డివిజన్ నుంచి నాలుగు జట్లకే ప్లేఆఫ్స్.

"అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు. మొదటిసారి హాకీకి తీసుకెళ్దామనుకుంటున్నాం. చలికి తట్టుకుంటారా? ఎక్కడ కూర్చోబెట్టాలి?"
— కొత్త దంపతులు, బ్లూమింగ్టన్

తట్టుకుంటారు. స్వెటర్, శాలువా, మేజోళ్లు ఉంటే చాలు. అద్దం పక్క సీట్లు మొదటిరోజు వద్దు. అక్కడ చలి ఎక్కువ, పైగా ఆట ఒక కొసే కనిపిస్తుంది. పది, పదిహేను వరసలు పైన, మూలకి దగ్గరగా కూర్చోండి. పక్ చిన్నది, మూడంగుళాల వెడల్పు రబ్బరు బిళ్ల. ఎగరకుండా ఉండాలని దాన్ని ముందే గడ్డకట్టిస్తారు. కంటికి ఆనకపోతే కంగారు పడొద్దని, గోలీ ఎటు తిరుగుతున్నాడో చూడమని చెప్పండి. గోల్ పడగానే మోగే హారన్ గురించి, ఒక్కోసారి జరిగే కొట్లాటల గురించి ముందే చెప్పి ఉంచండి. పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు.

అరగంట ముందే వెళ్లండి. వార్మప్‌లో జనం ఇంకా నిండకముందు, స్కేట్ బ్లేడు మంచుని కోసే చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది.

ఇంటర్వెల్‌లో సీట్లోంచి లేవకండి. జాంబోనీ బండి వస్తుంది. 1949లో కాలిఫోర్నియాలో ఫ్రాంక్ జాంబోనీ తయారుచేసిన యంత్రం. గీతలు పడ్డ మంచు పైపొరని చెక్కేసి, వెనక వేడినీళ్లు పరుస్తూ పోతుంది. వేడినీళ్లయితేనే కింది మంచుతో బాగా అతుక్కుంటాయి. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఆట మొత్తం మీద ఏం నచ్చిందని అడిగితే ఆ బండే అంది. "తెల్లారగట్ల వాకిలి అలికినట్టుందిరా" అంది. రెండో ఇంటర్వెల్‌లో ఆ బండి లోపలికి వెళ్లిపోయేదాకా రెయిలింగ్ పట్టుకుని నిలబడే చూసింది.