కింద రొయ్యకున్న శ్రద్ధ, పైన కాగితానికి

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

చి.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ రొయ్యల ఎగుమతి కంపెనీ ఎండీగారు బిజినెస్ ప్రాసెస్ మేనేజ్‌మెంట్ బాధ్యత, అంటే ఒక పని మొదటి నుంచి చివరిదాకా ఎన్ని చేతులు మారి ఎలా నడుస్తోందో చూసి సరిదిద్దే బాధ్యత, నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. సగం దారి మీ ప్లాంటులోనే ఉందమ్మా.

మీకు హాసప్ (HACCP) అనే ఆహార భద్రత పద్ధతి ఉంది కదా. అమెరికాకు రొయ్యలు పంపేవాళ్లకు 1997 డిసెంబర్ నుంచి అది తప్పనిసరి. సరుకు ఎక్కడ పాడయ్యే ప్రమాదం ఉందో, హద్దు ఎంతో, ఎవరు కొలవాలో, హద్దు దాటితే ఏం చేయాలో అన్నీ రాసి పెట్టుకున్నారు. కోల్డ్ స్టోరేజీ -18 డిగ్రీల మీదికి వెళితే ఎవరిని లేపాలో రాత్రి షిఫ్టు కుర్రాడికి కూడా తెలుసు. అదే మేడమీద ఆఫీసులో షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) ఆగిపోతే ఎవరిని అడగాలో చెప్పగలవా? కింద రొయ్య మీద పెడుతున్న శ్రద్ధే పైన కాగితం మీద కూడా పెట్టించడం నీ పని. మీ వాళ్లకు కూడా ఇంగ్లిష్ మాటలు పక్కనపెట్టి ఇలాగే చెప్పు.

కంపెనీ మొత్తాన్ని ఒకేసారి పట్టుకోకు. కొనుగోలుదారు ఆర్డర్ ఖాయం చేసిన దగ్గర్నుంచి బ్యాంకులో డబ్బు పడేదాకా ఉన్న దారి ఒక్కటి తీసుకో. ప్రొడక్షన్, ల్యాబ్, డాక్యుమెంటేషన్, కస్టమ్స్ ఏజెంటు, పోర్టు, అకౌంట్స్ అన్నీ అందులోనే వస్తాయి.

ఒక కంటైనర్ కాగితాల వెంట నువ్వే నడువు. ఒక్కో టేబుల్ దగ్గర మూడు టైములు రాసుకో: కాగితం ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ముట్టుకున్నారు, ఎప్పుడు కదిలింది. నేను పనిచేసిన చోట ఇలా రాసినప్పుడల్లా ఒకటే తేలేది: పనికి పట్టేది నిమిషాలు, ఎదురుచూపుకి పట్టేది రోజులు. ల్యాబ్ రిపోర్టు సాయంత్రం తయారవుతుంది, డాక్యుమెంటేషన్ వాళ్లకు ఆ సంగతి మర్నాడు పది గంటలకు గానీ తెలియదు. ఈలోగా ఓడ కటాఫ్ (సరుకు అందించాల్సిన గడువు) దాటిందా, కంటైనర్ తర్వాతి ఓడ దాకా పోర్టులో ప్లగ్ చార్జీలు (చల్లగా ఉంచే కరెంటు ఖర్చు) కట్టుకుంటూ ఉండాలి. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఎవరి పని వాళ్లు బాగానే చేశారు, ఇద్దరి మధ్య ఉన్న ఖాళీని చూసేవాళ్లే లేరు.

జాన్ లిటిల్ అనే ప్రొఫెసర్ 1961లో నిరూపించిన లెక్క ఒకటుంది, గుర్తుపెట్టుకో. పెండింగ్‌లో ఉన్న ఫైళ్లను రోజుకు పూర్తయ్యే ఫైళ్లతో భాగిస్తే ఒక్కో ఫైలుకు సగటున పట్టే రోజులు వస్తాయి. 40 ఉండి రోజుకు 8 కదిలితే ఐదు రోజులు. ఎవరినీ తొందరపెట్టక్కర్లేదు. కాగితాలు పూర్తిగా లేని ఫైలును లోపలికే రానివ్వకు, గుట్ట తగ్గినకొద్దీ రోజులూ తగ్గుతాయి.

నువ్వు టైము రాసుకుంటుంటే జనానికి టెన్షన్ వస్తుంది, ఉద్యోగాలు తీసేస్తారేమోనని. దీన్ని తేలిగ్గా తీసుకోకు. దీనివల్ల ఎవరి ఉద్యోగమూ పోదని ఎండీగారి చేత అందరి ముందూ చెప్పించు. ఆయన ఆ మాట మనస్ఫూర్తిగా చెప్పలేనంటే, పని అక్కడే ఆపేయి. భయపడినవాళ్లు నీకు మాన్యువల్‌లో ఉన్నదే అప్పజెబుతారు. అసలు పని సీనియర్ గుమాస్తా సొరుగులోని నోటుబుక్కులోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ నడుస్తుంటుంది. ఆ నోటుబుక్కు నీకు చూపించారంటే నిన్ను నమ్మినట్టే.

పని నడిచే దారి బొమ్మ మొదట గోడమీద అట్టకాగితం అంటించి, రంగు చీటీలతో వేయండి, పని చేసేవాళ్లే వేయాలి. ఇలాంటి బొమ్మలు గీయడానికి వాడే బీపీఎంఎన్ (BPMN) గుర్తులు మంచివే, 2013లో ఐఎస్ఓ ప్రమాణం కూడా అయ్యాయి. కానీ అవి తర్వాత నేర్చుకోవచ్చు. కొనుగోలుదారు మధ్యలో లేబుల్ మార్చమంటే, శాంపిల్ ఫెయిలైతే ఏం చేస్తున్నారో కూడా ఆ బొమ్మలో ఉండాలి. తేలికైన కేసు ఎలాగూ నడిచిపోతుంది.

సంతకాల దగ్గర మాత్రం గట్టిగా నిలబడు. "ఈ ఏడాదిలో మీరు సంతకం పెట్టనని వెనక్కి పంపిన ఫైలు ఏదైనా ఉందా?" అని ప్రతి అధికారినీ మర్యాదగా అడుగు. లేదంటే ఆ సంతకం తీసేసి ఆయనకు సమాచారం మాత్రం వెళ్లేలా చెయ్యి. పెద్దవాళ్లకు కష్టంగా ఉంటుంది. అందుకే మీటింగులో వద్దు, ఒక్కొక్కరి దగ్గరికీ విడిగా వెళ్లి మాట్లాడు.

ఈ దారి మొత్తానికి ఒక ఓనర్ ఉండాలి, కమిటీ వద్దు. ఏ విభాగంలోనైనా ఆగిన ఫైలు గురించి అడిగే అధికారం ఆ మనిషికి రాతపూర్వకంగా ఇప్పించు. వారానికోసారి రెండే అంకెలు బోర్డు మీద రాయించు: ఆర్డర్ నుంచి డబ్బుకు పట్టిన రోజులు, ఒక్కసారి కూడా వెనక్కి రాకుండా వెళ్లిన ఫైళ్లు.

ఇవన్నీ కాగితం మీద కొన్ని నెలలు నడిచాక సాఫ్ట్‌వేర్ వాళ్లను పిలువు. వాళ్ల నమూనా చూపించనివ్వకు. మీ బొమ్మ ఇచ్చి, లేబుల్ మారిన కేసును నడిపించి చూపించమను. రూలు మారితే మీ మనిషే మార్చుకోగలడా, రేపు వదిలేస్తే మీ డేటా మీకు ఏ రూపంలో ఇస్తారు అనేవి సంతకం పెట్టేముందే రాయించుకో.

ఉంటానమ్మా,
మీ పెదనాన్న