కాలనీ గ్రంథాలయం: నగదు కాకుండా వస్తువులు అడగండి

నమస్కారమండీ. నిరుడు రిజిస్టరైన మీ కాలనీ సంక్షేమ సంఘం గ్రంథాలయం కోసం ఒక కంపెనీని లక్షన్నర అడిగితే, సీఎస్ఆర్-1 నంబరు (సీఎస్ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యతగా వెచ్చించే నిధులతో పనిచేసే సంస్థలకిచ్చే నమోదు సంఖ్య) లేదని దరఖాస్తు తిప్పి పంపారని రాశారు. కంపెనీ చెప్పింది సరైనదే. 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్ నిధులతో పని చేపట్టే సంఘానికి ఆ నమోదు తప్పనిసరి. పైగా మీవంటి సొసైటీకి 12ఏ (సంస్థ ఆదాయంపై పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) నమోదులతో పాటు అటువంటి పనుల్లో కనీసం 3 ఏళ్ల అనుభవం కూడా ఉండాలి. ఆ అనుభవాన్ని ఎవరూ కొని తేలేరు కనుక, నంబరు ఇప్పిస్తామనే ఏజెంట్ల చుట్టూ తిరగకండి.

అయితే కంపెనీ ఆ పనిని తానే నేరుగా చేయడానికి నిబంధనలు అనుమతిస్తాయి, సీఎస్ఆర్ కింద చేయదగిన పనుల జాబితా అయిన కంపెనీల చట్టం 7వ షెడ్యూలులో ప్రజా గ్రంథాలయాల ఏర్పాటు స్పష్టంగా ఉంది. కాబట్టి పుస్తకాలు, బీరువాలు, బల్లలు కంపెనీయే తన పేరిట బిల్లు చేయించి కొని ఇవ్వవలసిందిగా కొత్త లేఖ రాయండి. ఆ ఆస్తి ఎవరి పేరున ఉండాలని వారు తప్పక అడుగుతారు. ప్రభుత్వ సంస్థ పేరున ఉంచే వీలుంది గనుక, మున్సిపాలిటీ నుంచి అంగీకార పత్రం ముందే తీసుకోండి. నా అంచనాలో అసలు ఆలస్యమంతా అక్కడే జరుగుతుంది. గది కొలతలు, కొటేషన్లు లేఖకు జతచేస్తే చాలు.