చేయి ఎత్తి నాడి చూస్తే కవాటం లీకు తెలుస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 54 ఏళ్లు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని చూపించాం. బీపీ 160/50 ఉంది. డాక్టరుగారు ఆయన చేతిని పైకెత్తి నాడి చూశారు, గోళ్లు నొక్కారు, ముందుకు వంచి కూర్చోబెట్టి, ఊపిరి బిగబట్టమని స్టెతస్కోపుతో చాలాసేపు విన్నారు. బృహద్ధమని కవాటం లీకవుతున్నట్లుందని ఎకో రాశారు. చేత్తో చూసి ఇంత చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బలంగా అనుమానించగలరమ్మా. గుండె ఎడమ జఠరిక నుంచి బృహద్ధమనిలోకి వెళ్లిన రక్తం, కవాటం సరిగా మూసుకోకపోతే, గుండె సడలిన ప్రతిసారీ కొంత వెనక్కి వచ్చేస్తుంది. ఆ రక్తాన్ని కూడా కలుపుకొని తర్వాతి స్పందనలో జఠరిక గట్టిగా నెడుతుంది కనుక పై బీపీ పెరుగుతుంది, కింది బీపీ పడిపోతుంది. మామూలుగా రెంటి మధ్య తేడా 40 దాకా ఉంటుంది. మీ నాన్నగారికి అది 110 ఉంది. నాడి ఒక్కసారిగా ఎగసి అంతే వేగంగా కుంగిపోతుంది. చేయి పైకెత్తి మణికట్టును అరచేతితో చుట్టి పట్టుకుంటే ఆ దెబ్బ స్పష్టంగా తగులుతుంది. ఈ నాడిని 1832లో డబ్లిన్ వైద్యుడు కారిగన్ వివరించారు. మెడలోని ధమనులు ఎగిరెగిరి పడటం, గుండె కొట్టుకున్నప్పుడల్లా తల ఊగడం కూడా ఇందువల్లే. తల ఊగే లక్షణానికి ఫ్రెంచి కవి ముస్సే పేరు పెట్టారు. గోటి కింద ఎరుపు, తెలుపు మారిమారి కనబడటం ఆరోగ్యవంతుల్లోనూ ఉంటుంది కనుక దానికి నేను పెద్ద విలువ ఇవ్వను.

నా దృష్టిలో అసలు ఆధారం చెవికి అందేదే. ముందుకు వంగి, ఊపిరి పూర్తిగా వదిలి బిగబడితే గుండె ఛాతీ గోడకు దగ్గరవుతుంది. అప్పుడు రొమ్ముఎముకకు ఎడమ పక్కన, మూడో పక్కటెముక కింది సందులో, గుండె రెండో చప్పుడు వెంటనే మొదలై క్రమంగా సన్నగిల్లే, గాలి ఊదినట్లుండే మెత్తని మర్మర శబ్దం వినిపిస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఓపికగా వింటే తప్ప ఇది దొరకదు. మీ డాక్టరుగారు అంతసేపు విన్నది అందుకే.

అయితే రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువవడం, వయసుతో ధమనులు గట్టిపడటం వల్ల కూడా బీపీ తేడా పెరుగుతుంది. మరోవైపు, కవాటానికి ఇన్ఫెక్షన్ సోకో, బృహద్ధమని పొర చీలో లీకు హఠాత్తుగా మొదలైతే ఈ నాడి గుర్తులు కనబడకపోవచ్చు. అటువంటప్పుడు తీవ్రమైన ఆయాసమే ముందుకు వస్తుంది, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. లీకు ఎంత, జఠరిక ఎంత సాగింది అన్నది ఎకోలోనే తేలుతుంది, కాబట్టి ఆలస్యం చేయకండి. చిన్నతనంలో కీళ్లవాపుతో జ్వరం వచ్చి ఉంటే డాక్టరుగారికి చెప్పండి. పై బీపీ ఎక్కువ ఉందని సొంతంగా మందులు మాత్రం వేయవద్దు. గుండె వేగం తగ్గించే మందులతో సడలే సమయం పెరిగి, వెనక్కి వచ్చే రక్తం ఎక్కువయ్యే ప్రమాదం ఉంది.