లాటిన్ వాక్యం తారుమారవుతోందా? పదాల చివర చూడండి

పదాలన్నీ తెలిసినా అర్థం తిరగబడుతోందని, 'కనెమ్ పుయెల్ల వొకట్' అన్నదానికి 'కుక్క అమ్మాయిని పిలుస్తోంది' అని రాస్తే మార్కులు పోయాయని అడిగారు. ఇంగ్లిష్‌లో లాగా ముందొచ్చిన పదమే కర్త అనుకున్నారు, పొరపాటు అక్కడే. లాటిన్‌లో కర్త ఎవరో చెప్పేది పదం చివర. 'కనెమ్'లోని 'ఎమ్' మన 'ను' లాంటిది. అంటే 'కుక్కను అమ్మాయి పిలుస్తోంది'. తెలుగులో వరుస కూడా మార్చక్కర్లేదు చూడండి! విభక్తులున్న భాష మనది, ఇంగ్లిష్ మీదుగా ఎందుకు తిరగడం?

చిక్కల్లా 'పుయెల్లాయ్' లాంటి రూపాలతోనే. అమ్మాయిలు, అమ్మాయి యొక్క, అమ్మాయికి, ఆఖరికి 'అమ్మాయిలారా' అన్నా అదే రూపం. అందుకే ముందు పెన్సిల్‌తో క్రియకు సున్నా చుట్టండి. 'వొకంట్' అని ఉంటే కర్త బహువచనం, కాబట్టి అమ్మాయిలే కావచ్చు. 'వొకట్' అయితే కర్త ఒక్కరే, 'పుయెల్లాయ్' కర్త కాదు. ఆ తర్వాతే నిఘంటువు తీయండి.

నామవాచకాన్ని షష్ఠితో కలిపి బట్టీ పట్టండి: రేక్స్, రేగిస్ (రాజు, రాజు యొక్క). వాక్యంలో 'రేగెమ్' కనిపిస్తే నిఘంటువులో 'రేక్స్' దగ్గర వెతకాలని తెలిసేది ఆ షష్ఠి వల్లే.

గ్రీకులోనూ ఇదే పద్ధతి, ఒక్క తేడాతో: నపుంసక బహువచనానికి సాధారణంగా ఏకవచన క్రియ వస్తుంది. 'త జోయా త్రెఖే' అంటే 'జంతువులు పరుగెడుతున్నాయి'.