ముందు వచ్చినవాళ్ళకు ఎక్కువ టోకెన్లు ఇవ్వడం న్యాయమేనా?

క్రిప్టో ప్రాజెక్టుల్లో మొదట చేరినవాళ్ళకు టోకెన్లు (ప్రాజెక్టు విడుదల చేసే, కొని అమ్ముకోగల డిజిటల్ నాణేలు) పంచిపెడితే తర్వాత వచ్చినవాళ్ళకు అన్యాయం కాదా అని అడిగారు. నా మట్టుకు, ఎప్పుడు వచ్చారన్నదానికంటే ఏమి పణంగా పెట్టారన్నదే చూడాలి.

2020 సెప్టెంబరులో, క్రిప్టో నాణేలను ఒకదానికొకటి మార్చుకునే వేదిక అయిన యూనిస్వాప్ సొంత టోకెన్ విడుదల చేస్తూ, ఆ నెల 1వ తేదీకి ముందు తనను వాడిన వాలెట్లకు (క్రిప్టో ఖాతాలకు) 400 చొప్పున ఇచ్చింది. నాకూ వచ్చాయి. ఆగస్టులో కుతూహలం కొద్దీ ఈథర్ అనే క్రిప్టో నాణేన్ని అక్కడ కాస్త మార్చి చూశాను, అంతే. కొద్ది రోజుల్లోనే వాటి విలువ వెయ్యి డాలర్లు దాటింది. లావాదేవీ విఫలమైన వాలెట్లకు సైతం అంతే ఇచ్చారు! పెళ్ళి భోజనానికి వెళ్ళినవాడికి ఎదురు చదివింపులు ఇచ్చినట్టయింది. నా మిత్రుడి సంగతి వేరు. నాణేలు మార్చుకునేవాళ్ళ కోసం సొమ్ము జమచేసే ఉమ్మడి నిధి, అంటే అక్కడి లిక్విడిటీ పూల్‌లో నెలల తరబడి డబ్బు ఉంచాడు. ధరలు అటూ ఇటూ అయితే నష్టం, కోడ్‌లో లోపం బయటపడితే మొదటికే మోసం. అలాంటివాళ్ళకు విడిగా అదనపు వాటా దక్కింది. అది సబబే.

నన్ను ఇబ్బంది పెట్టేది ఈ 400 కాదు. మొత్తం 100 కోట్ల టోకెన్లలో 60 శాతం వినియోగదారుల సముదాయానికి పోగా, మిగతా 40 శాతం బృందానికీ, పెట్టుబడిదారులకూ, సలహాదారులకూ కేటాయించారు. నాలుగేళ్ళపాటు విడతలవారీగా అందుతాయన్న షరతు ఉంది కాబట్టి కొంత నయం. ఆ షరతు కూడా లేని ప్రాజెక్టుల్లో, ధర పెరిగిన రోజునే లోపలివాళ్ళు అమ్ముకుంటారు, కొనేది మనం. బిట్‌కాయిన్‌లో ఈ బాధ లేదు. 2009లో ముందస్తు కేటాయింపులు లేకుండా మొదలైంది. అప్పట్లో బ్లాకుకు (లావాదేవీల పద్దులో కొత్తగా చేరే ఒక్కో పుటకు) 50 నాణేలు, కంప్యూటర్ నడిపిన ఎవరికైనా అదే లెక్క. అప్పుడు వాటికి మార్కెట్ ధరే లేదు.

ఇప్పుడు తొలి మద్దతు కూడా ఒక వృత్తి అయింది. పంపకం జరుగుతుందన్న వాసన తగిలితే చాలు, ఒకే మనిషి వందల వాలెట్లు తెరుస్తాడు. 2023 మార్చిలో ఆర్బిట్రమ్ అనే క్రిప్టో నెట్‌వర్క్ తన టోకెన్లు పంచేముందు అలాంటి వాలెట్లను ఏరివేయడానికే నానా తంటాలు పడింది. వీళ్ళను మద్దతుదారులని ఎలా అంటాం?

మీరు ఏదైనా టోకెన్ కొనే ఆలోచనలో ఉంటే, వినియోగదారులకు ఎంత పంచారన్నది పక్కన పెట్టి, లోపలివాళ్ళ వాటా ఎంత, అది ఏ తేదీల్లో అమ్మకానికి విడుదలవుతుంది అన్నది ముందు చూడండి.